మిద్దె మీద బెర్రీలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో కుండీల్లో బెర్రీలు పెంచేవాళ్ళని రాయమని అడిగాం. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా, అటు కనిగిరి వైపు నుంచి కూడా బాగానే రాశారు. కొందరు ఎర్రెర్రని పండ్ల ఫోటోలు పంపారు, కొందరు మొక్క చచ్చిపోయిందని బాధపడతా రాశారు, ఒకే ఉత్తరంలో రెండూ ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకున్నా. పేర్లు వేయట్లేదు, ఊళ్ళు మాత్రం ఉంచా.

నెల్లూరు, దర్గామిట్ట నుంచి: అక్కా, సెప్టెంబరు ఆఖర్లో స్ట్రాబెర్రీ మొక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టాను. వీడియోల్లో అందరూ సెప్టెంబరు, అక్టోబరులోనే పెట్టమన్నారు. ఆకులు బాగానే వచ్చినయ్, తర్వాత వాయుగుండం వచ్చి వారం రోజులు ముసురు పట్టింది, ఆ తర్వాత చూస్తే మొక్క నడిమధ్యన నల్లగా అయిపోయి పట్టుకుంటే ఊడొచ్చేస్తా ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: మీ చేతిలో లోపమేం లేదమ్మా, ఆ కేలెండరు మనది కాదు, అంతే. మన దేశంలో స్ట్రాబెర్రీకి పెద్ద పేరున్న ఊరు మహాబలేశ్వరం, సతారా జిల్లాలో ఉంది, 2010లో ఆ పండుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. అక్కడ నైరుతి వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు ఆఖరికి తగ్గిపోతాయి, నేల ఆరుతుంది, చలి మొదలవుతుంది, అందుకని వాళ్ళు అప్పుడు నాటతారు. మనకి అంతా తిరగేసి ఉంటది. మనకి గట్టి వానలు పడేదే అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలకి. అంటే వీడియో చూసి మనం మొక్క పెట్టే వేళకి సరిగ్గా మన వానాకాలం మొదలవుతుందన్నమాట.

స్ట్రాబెర్రీకి వేళ్ళకీ ఆకులకీ మధ్య బొటనవేలంత లావున పొట్టి కాండం ఒకటి ఉంటది, క్రౌన్ అంటారు. కొత్త ఆకు, పువ్వు అన్నీ దాన్లోంచే వస్తాయి. అది మట్టిలో కూరుకుపోయినా, దానిమీద రోజుల తరబడి తడి నిలిచినా కుళ్ళిపోద్ది. మీరు చెప్పిన నలుపు అదే, మొక్క ఊడొచ్చిందంటే ఇంక దాన్ని బతికించలేం, ఆ మట్టిని కూడా మళ్ళీ స్ట్రాబెర్రీకి వాడొద్దు, బంతికో గోంగూరకో వాడుకోండి.

ఈసారి నవంబరు ఆఖరి వారం దాకా ఆగండి, వానలు ఇంకా ఉంటే డిసెంబరు మొదటి వారంలో పెట్టినా ఏం కాదు. ముందే మొక్కలు దొరికితే చిన్న కవర్లలోనే ఉంచి వెలుతురు బాగా పడే వరండాలో, చినుకు తగలని చోట కాపాడుకోండి. నాటేటప్పుడు క్రౌన్ మట్టికి సమానంగా ఉండాలి, ఒక్క వేలు లోతుకి పోయినా ఒప్పుకోదు. ఎనిమిదంగుళాల కుండీకి ఒక మొక్క చాలు, కుండీ కింద రెండు ఇటుకముక్కలు పెట్టి లేపండి, నీళ్ళు పోయే బెజ్జాలు మిద్దెకి అతుక్కుపోకుండా ఉంటాయి. మట్టి ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. కొబ్బరిపొట్టు ఎందుకు కడగమంటున్నానంటే దాన్లో ఉప్పు ఉంటది, రెండు మూడు నీళ్ళు మార్చి పిండి వాడండి. మన రైస్‌మిల్లుల దగ్గర ఊక బూడిద ఊరికే దొరుకుతుందని చాలామంది కలుపుతున్నారు, అది క్షారం, స్ట్రాబెర్రీకి పనికిరాదు. మన వైపు ఊరికే దొరికేవాటిలో దీనికి నిజంగా పనికొచ్చేది వరిగడ్డి. మొక్క చుట్టూ పల్చగా పరిస్తే పండు మట్టికి తగలదు, కుళ్ళదు, తేమ ఆరదు.

రకం అడిగి తీసుకోండి. వింటర్ డాన్, స్వీట్ చార్లీ రెండూ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసినవి, తొందరగా కాపుకొచ్చే రకాలు, మనకున్న చిన్న చలికాలానికి అలాంటివే కావాలి. డిసెంబరులో పెడితే ఫిబ్రవరిలో పండ్లు చూస్తారు, మార్చి సగానికి ఎండ ముదిరి పూత ఆగిపోద్ది. మొక్కని ఎండాకాలం దాటించాలని తంటాలు పడేవాళ్ళని చాలామందిని చూశా, షేడ్‌నెట్ వేసి, ఫ్యాన్లు పెట్టి కూడా. మన రోహిణి కార్తెకి రోళ్ళే పగుల్తాయంటారు, చలిదేశం మొక్క ఏం నిలబడుద్ది చెప్పండి. బంతిపూల మొక్కని ఎలా ఒక సీజను పెట్టి తీసేస్తామో స్ట్రాబెర్రీని కూడా అట్టాగే అనుకుంటే మనసుకి కష్టం ఉండదు.

ఒంగోలు, లాయర్‌పేట నుంచి: మా ఇంట్లో బోరు నీళ్ళే. స్ట్రాబెర్రీ ఆకులు అంచుల్లో కాలినట్టు గోధుమరంగు అవుతున్నాయి. ఎరువు తక్కువైందని ఇంకా వేస్తే ఇంకా ఎక్కువైంది. మట్టి కుండీల బయట తెల్లగా సున్నం పూసినట్టు పొర వస్తోంది, తుడిచినా మళ్ళీ వస్తోంది.

జవాబు: ఆ తెల్ల పొరే జవాబు చెప్తోందండీ. నీళ్ళలో ఉన్న ఉప్పులు కుండీ గోడలోంచి బయటికొచ్చి, నీరు ఆరిపోయి, పొరగా మిగులుతున్నాయి. బయట అంత కనపడుతుంటే లోపల వేళ్ళ దగ్గర ఇంకెంత ఉందో చూడండి. పళ్ళ మొక్కల్లో ఉప్పుకి బాగా తొందరగా దెబ్బతినేవాటిలో స్ట్రాబెర్రీ ఒకటి. వేరు దగ్గర మట్టిలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, టీడీఎస్‌లో, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్కలో చెప్పుకుంటే సుమారు 640. మన బోర్లలో ఎన్నో దానికి రెండింతలు మూడింతలు ఉంటాయి, సముద్రం పక్క ఊళ్ళలో అయితే చెప్పేదే లేదు. పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, ఎరువు మీద పెట్టే డబ్బుకన్నా అది ఎక్కువ పనికొస్తది. మీరు ఎరువు వేసిన కొద్దీ ఎక్కువవడానికి కారణం కూడా ఇదే, ఎరువు కూడా ఉప్పే కదా, ఉన్న ఉప్పుకి ఇంకొంచెం తోడయింది.

ఇప్పుడు చేయాల్సింది ఎరువు ఆపేయడం, మంచినీళ్ళు కుండీ పట్టేదానికి రెండింతలు నిదానంగా పోసి కిందినుంచి పూర్తిగా పోనివ్వడం, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయడం. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే ఉప్పు లోపలే పేరుకుంటది, పోసినప్పుడల్లా కింద కారేదాకా పోయాలి. మంచినీళ్ళు ఎక్కడివి అంటారా, ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి, మన కోస్తా ఉక్కకి రాత్రంతా నడిస్తే కొన్ని లీటర్లు పడతాయి, అందులో ఉప్పు దాదాపు ఉండదు, నాలుగైదు స్ట్రాబెర్రీ కుండీలకి సరిపోతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో మిద్దె మీద శుభ్రంగా పడ్డ నీళ్ళు డ్రమ్ములో పట్టి మూత పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్ళు మాత్రం మొక్కలకి పోయొద్దు. నీళ్ళు దండగ చేయకూడదని మంచి మనసుతోనే పోస్తారు, కానీ ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా ఉండేది వాటిల్లోనే. వాటితో గచ్చు కడుక్కోండి.

నీళ్ళ గురించి ఇంకా వివరంగా తెలుసుకోవాలంటే నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగొచ్చు.

గూడూరు దగ్గర పల్లె నుంచి: మాది నిమ్మతోట. అమెరికాలో ఉన్న మా అమ్మాయి బ్లూబెర్రీ చాలా మంచిదని చెప్తే నర్సరీలో రెండు మొక్కలు కొన్నాం. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పులుపు నేల కావాలంట కదా, మాకు నిమ్మకాయలకి కొదవ లేదు, నిమ్మరసం పిండి పోస్తే సరిపోద్దా?

జవాబు: అన్నా, ఆకు పసుపు, ఈనె పచ్చ అంటే ఇనుము అందట్లేదని మీకు తెలిసే ఉంటది, నిమ్మలో కూడా చూసే ఉంటారు. మట్టిలో ఇనుము లేక కాదు, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 మధ్య పీహెచ్ కావాలి, మన నీళ్ళే చాలాచోట్ల 7.5 పైన ఉంటాయి. నిమ్మరసం పోస్తే ఆ పూటకి తగ్గుద్ది, కానీ దాన్లో ఉండే సిట్రిక్ యాసిడ్‌ని మట్టిలో సూక్ష్మజీవులు తొందరగా తినేస్తాయి, మర్నాడు మీరు పోసే బకెట్ నీళ్ళలో ఉన్న బైకార్బొనేట్లు పీహెచ్‌ని మళ్ళీ పైకి లాగుతాయి. మీ కష్టార్జితం నిమ్మకాయల్ని బజారుకే పంపండి.

మొక్కలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి నిలబెట్టే దారి చెప్తా. మట్టి మార్చండి, కడిగిన కొబ్బరిపొట్టు ఎక్కువ పాలు, కొంచెం చెట్టు బెరడు ముక్కలు, తోటమట్టి అసలు వద్దు. గంధకం పొడి కొద్దిగా కలిపితే బ్యాక్టీరియా దాన్ని నిదానంగా యాసిడ్‌గా మారుస్తాయి, వారాలు, ఒక్కోసారి నెలలు పట్టుద్ది, తొందరపడి ఎక్కువ వేయకూడదు. నీళ్ళు వాననీళ్ళో ఏసీ నీళ్ళో మాత్రమే. ఎరువు అమ్మోనియం సల్ఫేట్, చాలా తక్కువగా, చిటికెడు. ఈ మొక్క నత్రజనిని అమ్మోనియం రూపంలోనే బాగా తీసుకుంటది, నైట్రేట్ ఎరువులు దానికి పడవు.

ఇదంతా చేసినా ఇంకో చిక్కు ఉంది, అది మాత్రం మన చేతుల్లో లేదు. బ్లూబెర్రీ పూత రావాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. గూడూరులో ఒక్క గంట కూడా తగలదు. చలి అవసరం తక్కువున్న రకాలు ఉన్నాయి, వాటిలో బాగా పేరున్నది బిలాక్సీ, అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు 1998లో విడుదల చేశారు, పెరూ దేశం తీరంలో దాంతోనే పెద్ద పెద్ద తోటలు పెట్టారు. పెరూ మనకన్నా భూమధ్యరేఖకి దగ్గర కదా, అక్కడ పండితే మనకెందుకు పండదు అని నర్సరీల వాళ్ళు చెప్తారు. అక్కడ తీరం పక్కనే సముద్రంలో చల్లటి ప్రవాహం ఒకటి పారుతుంది, దానివల్ల ఎడారైనా రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. మన బంగాళాఖాతం వెచ్చటి సముద్రం. అందుకని నా అభిప్రాయం ఏమంటే ఉన్న రెండు మొక్కల్ని నీడపట్టున కాపాడుకోండి, నాలుగు పండ్లు కాస్తే అమ్మాయికి ఫోటో తీసి పంపండి, కానీ ఇంకో రూపాయి దానిమీద పెట్టొద్దు. మీలాంటి చేతికి మల్బరీ, ఫల్సా (పుల్లతీపి చిన్న పండ్ల మొక్క, కింద కనిగిరి జవాబులో చెప్పా) ఇస్తే బుట్టలు నింపుతారు.

కావలి నుంచి (ఇంటర్ చదివే తమ్ముడు): అక్కా, నీలం రంగు స్ట్రాబెర్రీ గింజలు ఒక సైట్‌లో చూశాను, ప్యాకెట్‌లో వంద గింజలంట. కొనొచ్చా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. నీలం స్ట్రాబెర్రీ ప్రపంచంలో లేదు, ఆ ఫోటోలు కంప్యూటర్‌లో రంగు మార్చినవి. లేత గులాబి, తెలుపు ఉన్నాయి, నీలం మాత్రం లేదు. ఎర్రవాటిక్కూడా గింజలతో పని పెట్టుకోవద్దు, మొలకెత్తడానికే వారాలు పడతాయి, వచ్చిన మొక్క తల్లి మొక్కలా ఉండదు. పిలకతో వచ్చిన మొక్క కొనుక్కో, డబ్బులు తక్కువుంటే ఒకటే కొను.

కందుకూరు నుంచి: మల్బరీ పెట్టి మూడేళ్ళయింది. అర డ్రమ్ములో పెట్టాం, నిండా ఆకులే, మేకలు మేసినా తరగనంత. పండు మాత్రం ఒక్కటి లేదు. మావారు పీకేద్దాం అంటున్నారు.

జవాబు: పీకొద్దని మీవారికి చెప్పండమ్మా, ముందు రెండు విషయాలు చూడాలి. ఆ మొక్క ఎక్కడినుంచి వచ్చింది? పట్టుపురుగుల పెంపకం వాళ్ళ దగ్గర కొమ్మ తెచ్చి ఉంటే అది ఆకు కోసం తయారుచేసిన రకం, పండు గురించి వాళ్ళకి పట్టింపు ఉండదు. ఇంకోటి, మల్బరీలో మగపూత మాత్రమే పూసే చెట్లు కూడా ఉంటాయి. పొట్టి తోకల్లాగా ఆకుపచ్చ కంకులొచ్చి పుప్పొడి రాలి ఎండిపోతుంటే అది మగదే, అట్టాంటిదాన్ని ఉంచి లాభం లేదు. కాయలు కాసే చెట్టునుంచి పెన్సిలంత లావు కొమ్మ తెచ్చి గుచ్చుకోండి, తేలిగ్గా నాటుకుంటది.

మగది కాకపోతే మాత్రం కత్తెర పట్టుకోండి. మల్బరీకి పండ్లు కొత్త చిగురుతో పాటే వస్తాయి, పాత కొమ్మ ఎంత పెరిగినా ఆకులే ఇస్తది. కొమ్మల్ని సగానికి కోసి, మిగిలిన ఆకులన్నీ దూసేయండి, ఒక్క ఆకు కూడా ఉంచొద్దు. చూసేవాళ్ళకి చెట్టుని చంపేస్తున్నట్టే ఉంటది, మా అమ్మ అయితే నేను కోస్తుంటే అక్కడినుంచి లేచెళ్ళిపోయేది. రెండు మూడు వారాల్లో ప్రతి కణుపు దగ్గరా చిగురు పగులుతుంది, ఆ చిగురు మొదట్లోనే పచ్చటి చిన్న కాయ కనపడతది, గొంగళిపురుగు పిల్లంత, ఒళ్ళంతా తెల్లటి సన్నటి నూగుతో. అది పచ్చనుంచి ఎరుపు, ఎరుపునుంచి నలుపు తిరగడానికి నెల పైన పట్టుద్ది. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పుల్లగా ఉంటది, పూర్తిగా నల్లబడి, వేలు తగిలితే చేతిలోకి రాలాలి, అప్పుడే తీపి. చేతులూ, చొక్కాలూ, మిద్దె గచ్చూ ఊదారంగు అవుతాయి, ముందే చెప్తున్నా.

కాపు అయిపోయాక మళ్ళీ కోయండి, మళ్ళీ కాస్తది. మన వాతావరణంలో ఏడాదిలో రెండు మూడు కాపులు తీసుకోవచ్చు. ఆకు మరీ విపరీతంగా ఉందంటున్నారు కాబట్టి యూరియా, కోళ్ళ ఎరువు లాంటివి ఆపేసి, మాగిన పేడ ఎరువే వేయండి. మిద్దె మీద బెర్రీ ఏది పెట్టాలి అని ఎవరు అడిగినా నేను మొదట చెప్పే పేరు మల్బరీ, మన ఎండకీ తట్టుకుంటది, మొహం చాటెయ్యదు.

పొదిలి నుంచి: పండు రంగు తిరిగిందో లేదో గోరింకలు, పిగిలిపిట్టలు, ఉడతలు వరసపెట్టి వచ్చేస్తున్నాయి. రేపు కోద్దాంలే అనుకున్న పండు రేపటికి ఉండట్లేదు. సన్నటి నైలాన్ వల కట్టాం, ఒక పిట్ట చిక్కుకుని చచ్చిపోయింది, పిల్లలు ఏడ్చారు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ వల తీసేయండి, మీరు రాయడం మంచిపనైంది. వదులుగా వేలాడే సన్నదారం వలలో పిట్టలే కాదు పాములు కూడా చిక్కుకుంటాయి. కట్టాలనుకుంటే చిటికెన వేలు కూడా దూరనంత చిన్న కన్నుల మెత్తటి వల తీసుకుని, నాలుగు కర్రలు పాతి, బిగుతుగా లాగి కట్టి, కింద ఇటుకలు పెట్టండి. స్ట్రాబెర్రీ కుండీలు చిన్నవి కాబట్టి తేలిక. మల్బరీకి చెట్టంతా కప్పే పని పెట్టుకోవద్దు, రెండు మూడు కొమ్మలకి పల్చటి గుడ్డ సంచులు తొడిగి మూతి కట్టేయండి, మిగతాది వాటికి వదిలేయండి. ఉడత గుడ్డని కొరుకుద్ది, దానికి ఇనుప జాలీ ఒక్కటే మందు. పండుని పొద్దున్నే, పిట్టలు లేవకముందే చూసుకోవాలి, సాయంత్రం చూద్దాంలే అంటే మిగలదు.

చీమల గురించి మీరు అడగలేదు కానీ చాలామంది అడిగారు, ఇక్కడే చెప్పేస్తా. చీమలు పాకుతున్నాయంటే ఆకు వెనకాల తెల్లగా పిండినల్లి ఉందేమో తిప్పి చూడండి, అది కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా కొట్టండి, వారం ఆగి మళ్ళీ కొట్టండి.

కనిగిరి నుంచి: మాకు నీళ్ళే కరువు, ఉన్న నీళ్ళు కూడా ఉప్పగా ఉంటాయి, ఎండ సంగతి మీకు తెలుసు. టీవీలో చూసి నా మనవరాలు "నానమ్మా మనం కూడా బెర్రీలు పెంచుదాం" అంటోంది. మాలాంటి వాళ్ళకి అయ్యే పనేనా?

జవాబు: పిన్నీ, మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది, ఎందుకంటే మీ వైపు పెరిగే బెర్రీలు మీకు తెలిసినన్ని నాకు కూడా తెలియవు. వెలికొండల పక్కన పుట్టి పెరిగినవాళ్ళకి బలుసుపండ్లు, పరికిపండ్లు, కామంచిపండ్లు, వాక్కాయలు చిన్నప్పుడు ఒళ్ళో పోసుకుని తిన్న తిండే కదా. టీవీలో చూపించేవి ఖరీదైన బెర్రీలు, ఇవి మన బెర్రీలు, మనవరాలికి ముందు వీటిని పరిచయం చేయండి.

వాక్కాయతో మొదలుపెట్టండి. ఎండకి, కరువుకి, కొంచెం ఉప్పు నీళ్ళకి కూడా ఓర్చుకునే మొక్క ఇది. పద్దెనిమిది అంగుళాల కుండీలో, లేదా పాత సిమెంటు తొట్టిలో హాయిగా ఉంటది. అంటు మొక్క దొరికితే తొందరగా కాస్తది, గింజ వేస్తే రెండు మూడేళ్ళు ఆగాలి, గింజ కూడా పండులోంచి తీసిన వెంటనే వేయాలి, నిలవుంటే మొలవదు. ఎండాకాలం ముందర తెల్లటి పూలు పూస్తాయి, మల్లెపూల వాసన, తొలకరికి కాయ. పచ్చికాయని కోస్తే పాలు కారుతుంది, బుగ్గన కొంచెం గులాబిరంగు ఉంటది, దాన్ని కందిపప్పులో వేసి వండితే చింతపండు పని లేదు. ముదిరాక నల్లగా అయితే పిల్లలు ఊరికే తినేయొచ్చు. బేకరీలో కేకు మీద పెట్టే ఎర్రటి చెర్రీ ఉంది చూడండి, చాలావరకు అది పంచదార పాకంలో ఊరేసి రంగేసిన వాక్కాయే. ఈ సంగతి మనవరాలికి చెప్పండి, కళ్ళింతలు చేసుకుంటది. ముళ్ళు మాత్రం గట్టివి, తొట్టిని మనుషులు నడిచే దారికి పక్కగా పెట్టండి.

రెండోది ఫల్సా. ఇది కూడా మన దేశం మొక్కే, ఎండ ఎంతైనా పర్వాలేదు. డిసెంబరు, జనవరిలో నడుము ఎత్తుకి కోసేస్తే కొత్త కొమ్మల మీద పూసి ఏప్రిల్, మే నెలల్లో ఊదారంగు చిన్న పండ్లు ఇస్తది, పుల్లపుల్లగా తీయగా. ఒకేసారి పండవు, రోజూ గుప్పెడు పండుతాయి, కోసిన పండు ఒకటి రెండు రోజులకన్నా నిలవుండదు, అందుకే మన బజార్లో ఎక్కడా కనపడదు. ఇంట్లో కుండీ ఉన్నవాళ్ళకే ఆ రుచి. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లకి నాలుగు పండ్లు నలిపి, వడగట్టి, బెల్లం కలిపి చల్లగా ఇవ్వండి.

కామంచి దానంతటదే ఏ కుండీలోనో మొలుస్తది, పీకకుండా ఒకటి వదిలేయండి. నల్లగా పండినవే తినాలి, పచ్చి కాయల్లో విషం ఉంటది, చిన్నపిల్లకి ఈ తేడా మీరే పక్కన ఉండి చూపించండి.

నీళ్ళకి ఒక ఉపాయం. కుండీలన్నీ ఒకచోట చేర్చి పెట్టండి, పడమటి ఎండ తగిలే వైపు తడిపిన గోనెసంచి కట్టండి, పైన ఎండుటాకులో వేరుశనగ పొట్టో రెండంగుళాలు పరవండి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు అన్నీ వాటికే పోయొచ్చు, ఉప్పు వేసినవి, సబ్బు కలిసినవి తప్ప.

కోవూరు నుంచి: స్ట్రాబెర్రీలు కాశాయి కానీ వంకర టింకరగా, ఒకవైపు ఉబ్బి ఒకవైపు ముడుచుకుని ఉన్నాయి. పులుపు కూడా ఎక్కువే.

జవాబు: వంకరకి కారణం పురుగు కాదు, పుప్పొడి సరిగ్గా అందకపోవడం. పండు మీద చిన్న చిన్న గింజలున్నాయే, ఒక్కో గింజకీ విడిగా పుప్పొడి అందాలి, అందిన గింజ చుట్టూ కండ ఉబ్బుతుంది, అందని చోట ముడుచుకుంటుంది. భూతద్దం పెట్టి చూడండి, ముడుచుకున్న వైపు గింజలు చిన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. అపార్టుమెంటు బాల్కనీల్లో తేనెటీగలు తక్కువ కాబట్టి ఇది ఎక్కువ. పది, పదకొండు గంటలకి మంచు ఆరాక పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో పువ్వు మధ్యలో మెత్తగా గుండ్రంగా తిప్పండి, పువ్వు విచ్చిన రోజు, మర్నాడు చేస్తే చాలు.

పులుపు గురించి. స్ట్రాబెర్రీ కోశాక తియ్యబడదు, రంగు తిరగొచ్చు గానీ తీపి పెరగదు. మావిడికాయ లాగా గడ్డిలో వేస్తే పండే రకం కాదు. తొడిమ దాకా ఎర్రబడ్డాకే కోయండి, భుజాల దగ్గర తెలుపు ఉంటే ఇంకో రోజు ఆగండి. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. పూత మొదలయ్యాక నత్రజని ఎరువు తగ్గించి, లీటరు నీళ్ళకి గ్రాము సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి పదిహేను రోజులకోసారి పోయండి.

ఉలవపాడు నుంచి: మాది మావిడి, సపోటా ఊరే అయినా మిద్దె మీద పదిహేను అర డ్రమ్ములు పెట్టి మల్బరీ, వాక్కాయ, సురినాం చెర్రీ వేద్దామని ఉంది. పాత స్లాబు. బరువుకి ఏమైనా అవుతుందా?

జవాబు: ఆలోచించి అడిగారు, చాలామంది అడగరు. రెండొందల లీటర్ల డ్రమ్ముని సగానికి కోస్తే వంద లీటర్లు, మట్టి నింపి తడిపితే నూట అరవై, నూట ఎనభై కిలోలు తూగుద్ది. పదిహేనంటే రెండున్నర టన్నులు. స్లాబు నడిమధ్యన అసలు పెట్టొద్దు, కింద గోడలు, దూలాలు, పిల్లర్లు ఉన్న వరస మీదే పెట్టండి. మట్టి బదులు కొబ్బరిపొట్టు, ఎరువు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుద్ది. స్లాబుకి పెచ్చులూడటం, లోపల ఊచ కనపడటం ఉంటే ఇంజనీరుకి చూపించకుండా ఒక్క డ్రమ్ము కూడా పైకి ఎక్కించొద్దు, ఈ మొక్కలు మూడూ నేలమీద పెరట్లో కూడా బ్రహ్మాండంగా కాస్తాయి.

నెల్లూరు, మాగుంట లేఅవుట్ నుంచి: కుండీలు, కొబ్బరిపొట్టు, మొక్కలు, వల అన్నీ కలిపి చాలానే అయింది, వచ్చిన స్ట్రాబెర్రీలు అన్నీ కలిపి ఒక డబ్బా కూడా నిండలేదు. సూపర్‌మార్కెట్‌లో ఆ డబ్బుకి ఎన్నో డబ్బాలు వస్తాయని ఇంట్లో రోజూ అంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: లెక్క ప్రకారం వాళ్ళు చెప్పింది నిజమేనమ్మా, కాదనక్కర్లేదు. స్ట్రాబెర్రీ ఒక్కో మొక్కకి మన దగ్గర గుప్పెడు పండ్లు వస్తే గొప్ప. కానీ సూపర్‌మార్కెట్ డబ్బాలో వచ్చేది దూర ప్రయాణం కోసం గట్టిగా ఉన్నప్పుడే కోసిన పండు, ఇందాక చెప్పినట్టు అది దారిలో తియ్యబడదు. మీ కుండీలో తొడిమ దాకా ఎర్రబడ్డ పండు కోసి, ఎండ వెచ్చదనం ఇంకా పోకముందే, మిమ్మల్ని రోజూ అంటున్న ఆ మనిషి చేతిలోనే పెట్టండి, వాసన చూసి తిననివ్వండి. తర్వాత లెక్క మాట్లాడండి.

వచ్చే ఏడాదికి ఖర్చు తగ్గించుకునే దారి కూడా ఉంది. కుండీలు, వల, ఇటుకలు అవే ఉంటాయి, కొబ్బరిపొట్టుని ఎండలో పరిచి ఆరబెట్టి వాక్కాయ, మల్బరీ కుండీల్లోకి వాడుకోండి, స్ట్రాబెర్రీకి కొత్తది తీసుకోండి. స్ట్రాబెర్రీ మొక్కలు సగానికి తగ్గించి ఆ చోటులో ఒక మల్బరీ పెట్టండి. ఇప్పుడే కొమ్మ గుచ్చితే స్ట్రాబెర్రీలు అయిపోయే వేళకి అది చిగురేసి ఉంటది.